పద్నాలుగో గంట

(తెనాలిలో మాస్టారి సంస్మరణ సభలో చేసిన ప్రసంగం పూర్తి పాఠం)



మాస్టారి పేరు మీద మాట్లాడమని ఫోన్ చేసినప్పుడు ముందు వద్దన్నాను. నేను ఆయనకు మంచి శిష్యుణ్ణి కాను. డిగ్రీ రెండో ఏడు ఆయన చెప్పే ఎకనామిక్స్ సప్లిమెంటరీ రాసి గట్టెక్కినవాణ్ణి. ఆ సంగతి తెలిసినవాళ్లు ముందు వరసలో ముసిముసిగా నవ్వుతూ నాకు కనిపిస్తూనే ఉన్నారు. ఆ తర్వాత అకౌంట్ల ఉద్యోగం, దాని వెంట ఇంగ్లండు, అక్కడే పాతికేళ్లు. రిటైరయ్యాక మిడ్‌లాండ్స్‌లో మా ఊళ్లో ఒక ఉచిత సలహా కేంద్రంలో వారానికి రెండు రోజులు కూర్చుంటున్నాను. ప్రభుత్వం నుంచి వచ్చిన ఉత్తరం అర్థంకానివాళ్లు అక్కడికి వస్తారు. వాళ్లకు ఆ ఉత్తరం చదివి చెప్పడమే పని. మాస్టారు క్లాసులో చెప్పింది నాకు ఆ బల్ల దగ్గర బోధపడింది.

1983. ఎన్టీ రామారావుగారి ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇవ్వడం మొదలుపెట్టిన ఏడు. మాస్టారిది వ్యవసాయ కుటుంబం. వాళ్ల అన్నయ్యగారు పల్లె నుంచి వచ్చినప్పుడల్లా వరండాలో కూర్చుని ఒకటే మాట: "బియ్యం రెండ్రూపాయలకి పంచితే రేపు నాట్లకి ఎవడొస్తాడ్రా?" మాస్టారు అన్నగారికి ఎదురు చెప్పే మనిషి కాదు. ఒక రోజు క్లాసు ఎగ్గొట్టించి మా ఆరుగుర్నీ రేషన్ డిపో దగ్గరికి తీసుకెళ్లారు. లైను మలుపు దాటి కాలవ గట్టు దాకా ఉంది. ఎండ. సంచులు వరసలో పెట్టి, వాటి మీద గుర్తుగా రాళ్లు పెట్టి, నీడలో కూర్చున్నారు జనం. మాస్టారు ఒకావిణ్ణి అడిగారు, "అమ్మా, బియ్యం చవకయ్యాయి కదా, ఇక పనికి పోవక్కర్లేదంటున్నారు, నిజమేనా?" అని.

ఆవిడ కోప్పడలేదు. కొంగుతో మొహం తుడుచుకుని అంది: "ఇయ్యాల ఈడ నిలబడ్డానా, నా నాటు పోయింది. డీలరు రేపు రమ్మంటే రేపటిదీ పోద్ది. రెండ్రూపాయలంటారు గానీ, నా కూలి గూడా కలిపి చెప్పండయ్యా, కిలో ఎంత పడిందో."

మాస్టారు మా వైపు తిరిగి, "ఇవాళ్టి పాఠం అయిపోయింది, ఇళ్లకు పోండి" అన్నారు. అంతే. మేం సినిమాకి వెళ్లాం.

పని చేస్తే ఎక్కువ గిడుతుందా, సాయం తీసుకుని ఇంట్లో కూర్చుంటే ఎక్కువ గిడుతుందా? ఇప్పుడు నేనుండే దేశంలో ఈ ప్రశ్న టీవీలో వినపడని వారం ఉండదు. ప్రశ్న ఎప్పుడూ ఇలాగే ఉంటుంది: అటు ఒక కుప్ప, ఇటు ఒక కుప్ప, ఏది పెద్దది? ఇంత తేలికైన ప్రశ్నకు జవాబు కూడా తేలికే. పనే పెద్ద కుప్ప. దాదాపు ఎప్పుడూ పనే. కానీ నా బల్ల ముందుకొచ్చి కూర్చున్న ఏ తల్లీ, ఏ తండ్రీ ఈ ప్రశ్న అడగలేదు. వాళ్లు అడిగేది వేరు: "వచ్చే వారం నుంచి ఇంకో నాలుగు గంటలు ఇస్తామంటున్నారు. ఒప్పుకోమంటారా?" కుప్పల గొడవ మంత్రులది. ఇంట్లో లెక్కంతా ఆ పైన వచ్చే గంటది.

చాక్‌పీసు లేదు కాబట్టి నోటి లెక్కే చెబుతాను. ఒక తల్లి అనుకోండి, ఒంటరిది, పాతికేళ్లు దాటింది, లండన్ బయట ఉంటుంది. ఇద్దరు పిల్లలు, ఇద్దరూ 2017 ఏప్రిల్ తర్వాత పుట్టినవాళ్లు. అద్దె నెలకు 650 పౌండ్లు, ఆ అద్దె మొత్తం ప్రభుత్వ లెక్కలోకి వస్తుందనుకుందాం. అక్కడ ఇప్పుడున్న పథకం యూనివర్సల్ క్రెడిట్. 2025-26 రేట్ల ప్రకారం ఆమె పేరున 400 పౌండ్లు, పిల్లల పేరున 586, అద్దెకు 650. చైల్డ్ బెనిఫిట్ అని పిల్లల భత్యం విడిగా వస్తుంది, నెలకు 188 దాకా. చిల్లర సవరించుకుంటే అంతా కలిసి 1,823. ఇది పని లేనప్పటి ఆదాయం.

ఇప్పుడు ఆమె వారానికి 16 గంటలు పనికి చేరింది. ఆ ఏడు కనీస వేతనం గంటకు 12 పౌండ్ల 21 పెన్సులు. నెలకు 847 వస్తుంది. అందులో తొలి 411 పౌండ్ల జోలికి ప్రభుత్వం రాదు. ఆ పైన ప్రతి పౌండుకూ 55 పెన్సుల చొప్పున సాయంలోంచి కోస్తుంది. కోత 240. ఆమెకు మిగిలింది 607. గంటకు ఎనిమిది పౌండ్ల పైమాటే. బాగుంది. ఎవరైనా చేస్తారు, చేస్తున్నారు కూడా. యూనివర్సల్ క్రెడిట్ తీసుకునేవాళ్లలో మూడోవంతు దాకా ఉద్యోగాల్లో ఉన్నవాళ్లే. ఈ ముక్క వినగానే మన బంధువులు నమ్మరు. సాయం తీసుకునేవాడు, పని చేసేవాడు వేరువేరు మనుషులని మన మనసుల్లో ముద్ర పడిపోయింది. ఇద్దరూ ఒకే చొక్కాలో ఉంటారు.

యజమాని సంతోషించి 16 గంటలను 30 చేశాడు. ఇప్పుడు ఆదాయపు పన్నుంది, నేషనల్ ఇన్సూరెన్సుంది. అవి పోగా చేతికొచ్చేది నెలకు 1,436. సాయంలో కోత 564. మిగిలింది 872. అంటే వారానికి మరో పద్నాలుగు గంటలు చేసినందుకు నెలకు పెరిగింది 265 పౌండ్లు. గంటకు 4 పౌండ్ల 37 పెన్సులు. చీటీ మీద 12.21, చేతిలో 4.37. ఆ గంటల కోసం వారానికి రెండు రోజులు ఎక్కువ వెళ్లాలి. ఇంగ్లండులో బస్సు టికెట్టుకు 3 పౌండ్ల పరిమితి పెట్టారు, పోనూ రానూ ఆరు. నెలకు 52 అక్కడ పోయాయి. బడి అయ్యాక పిల్లల్ని చూసుకునే చోట కట్టే ఫీజులో 85 శాతం ప్రభుత్వం ఇస్తుంది. మంచిదే. కానీ మామూలుగా ముందు మన జేబులోంచి కట్టి రసీదు పెట్టుకోవాలి, మిగతా 15 శాతం మనదే. ఇంటి పన్నులో కౌన్సిల్ ఇచ్చే రాయితీ ఒకటుంటుంది, ఆదాయం పెరిగితే అదీ తగ్గుతుంది. ఎంత తగ్గుతుందో ఊరికో లెక్క.

అయినా కలిసొస్తుంది. ఏ పూటా నష్టం లేదు. చాలామంది తల్లులు ఆ గంటలు ఒప్పుకుంటారు కూడా. ఒప్పుకోని తల్లిని మాత్రం సోమరి అనకండి. పూర్తి పన్ను పడే చోట ఆమె ఆపైన సంపాదించే పౌండులో 68 పెన్సులు వెళ్లిపోతున్నాయి. కోటీశ్వరుడికి కూడా ఆ దేశంలో పౌండుకు 47 పెన్సులే పోతాయి.

ఇంతవరకూ నేను చెప్పింది వాలు. జారుతుంది కానీ కాలు విరగదు. ఇప్పుడు గట్టు సంగతి చెబుతాను.

ఒక తెలుగావిడ. కాకినాడ వైపు నుంచి వచ్చి అక్కడే స్థిరపడ్డారు. భర్త డెలివరీ వ్యాను నడుపుతాడు. పన్నెండేళ్ల కొడుకు ఆటిజం ఉన్న పిల్లవాడు, మాట రాదు. వాణ్ణి చూసుకుంటున్నందుకు ఆమెకు కేరర్స్ అలవెన్స్ అని ఒక భత్యం వచ్చేది. వారానికి 35 గంటలు తక్కువ కాకుండా ఒకరిని చూసుకునేవాళ్లకు ఇచ్చేది అది. 2024-25లో వారానికి 81 పౌండ్ల 90 పెన్సులు. దానికో షరతుంది: పక్కన ఉద్యోగం చేసుకోవచ్చు, కానీ అప్పట్లో సంపాదన వారానికి 151 పౌండ్లు దాటకూడదు. దాటితే తగ్గడం కాదు, మొత్తం పోతుంది. ఒక్క పౌండు దాటినా మొత్తం.

ఆ ఏడు కనీస వేతనం గంటకు 11 పౌండ్ల 44 పెన్సులు. పదమూడు గంటలు చేస్తే 148 పౌండ్ల 72 పెన్సులు. పద్నాలుగో గంట చేస్తే 160 పౌండ్ల 16 పెన్సులు. ఆమె పని చేసే దుకాణంలో ఎవరో మానేశారు. మేనేజరు, "రోజూ ఓ పావుగంట ముందు రాగలవా?" అన్నాడు. మన ఆడవాళ్ల సంగతి తెలుసుగా, అడిగితే కాదనలేరు. అలా పదమూడు పద్నాలుగయింది. ఇరవై ఆరు వారాలు. ఆ గంట వల్ల ఆమె సంపాదించింది 297 పౌండ్లు. తర్వాత ఒక ఉత్తరం వచ్చింది, తిరిగి కట్టమని: 2,129 పౌండ్ల 40 పెన్సులు.

ఆ ఉత్తరాన్ని ఆమె పాలిథిన్ కవర్లో పెట్టి తెచ్చారు, తడవకుండా. బయట వాన. నేను లెక్క రెండుసార్లు చేశాను, ఆవిడ ముందు మూడోసారి చేశాను. ఆవిడ అడిగింది ఒకటే: "బాబాయిగారండీ, నేను పని ఎక్కువ చేశానని కదండీ రాశారు ఇందులో? దొంగతనం చేశానని కాదు కదండీ?" కాదమ్మా అన్నాను. "మరి ఇలా రాస్తారేంటండీ?" అంది. ఉత్తరంలో భాష అలాంటిదే. మామూలుగా సంజాయిషీ అడిగే భాష.

ఆవిడ ఒక్కతే కాదు. ఇలా గంటో అరగంటో ఎక్కువ చేసి వేల పౌండ్ల బాకీ పడ్డవాళ్ల కథలు 2024లో అక్కడి పత్రికల్లో ఎంతగా వచ్చాయంటే, ఆ ఏడు అక్టోబరులో ప్రభుత్వం లిజ్ సేస్ అనే ఆవిడతో స్వతంత్ర సమీక్ష మొదలుపెట్టించింది. జీతాల వివరాలు పన్నుల శాఖ నుంచి భత్యం ఇచ్చే కార్యాలయానికి చేరుతూనే ఉన్నాయి. మొదటి వారంలోనే ఒక ఫోన్ చేసి ఉంటే ఎనభైతో పోయేది. ఎవరూ చేయలేదు. గట్టు మీంచి పడుతున్న మనిషిని చూస్తూ ఎన్ని అడుగులు పడిందో కొలిచి బిల్లు పంపడం అది.

ఇంత పాత దేశం, ఇంత లెక్కలొచ్చిన దేశం, ఇలాంటి గట్లు ఎందుకు కట్టుకుంది? దీనికో చరిత్ర ఉంది. మాస్టారికి ఇష్టమైన భాగం. మేం నిద్రపోయిన భాగం కూడా.

1795 మే 6. బెర్క్‌షైర్‌లో స్పీనమ్లాండ్ అనే చోట, పెలికన్ అనే సత్రంలో, ఆ జిల్లా మేజిస్ట్రేట్లు కూర్చున్నారు. పంటలు పోయాయి, ఫ్రాన్సుతో యుద్ధం, రొట్టె ధర మండుతోంది. కూలివాడి కూలి పెంచాలా, లేక తక్కువ పడినంతా ఊరి నిధి నుంచి ఇవ్వాలా? రెండోదానికే మొగ్గారు. రొట్టె ధర షిల్లింగు ఉంటే మగవాడికి వారానికి మూడు షిల్లింగులు, భార్యకూ, ఒక్కో బిడ్డకూ షిల్లింగున్నర చొప్పున ఇల్లు గడవాలి. కూలి అంతకు తగ్గితే ఊరు పూడుస్తుంది. రొట్టె పెరిగితే ఇదీ పెరుగుతుంది. మనసున్న ఏర్పాటే. అయితే కూలి ఒక షిల్లింగు పెరిగితే సాయం ఒక షిల్లింగు తగ్గుతుంది. కూలివాడికి పెంపు అక్కర్లేదు, రైతుకు పెంచాల్సిన అవసరం లేదు.

దీన్ని పట్టుకుని 1832లో ఒక రాజ కమిషన్ వేశారు. నసావ్ సీనియర్, ఎడ్విన్ చాడ్విక్ ముఖ్యులు. సాయం వల్లే కూలివాళ్లు చెడిపోయారని వాళ్లు తేల్చారు. 1834 చట్టం వచ్చింది. సాయం మీద బతికేవాడి బతుకు ఎప్పుడూ అతి తక్కువ కూలి తెచ్చుకునేవాడి బతుకు కన్నా హీనంగా ఉండి తీరాలన్నది దాని మూలసూత్రం. అందుకే వర్క్‌హౌసులు. సాయం కావాలంటే వెళ్లి ఉండాల్సిన శ్రమశాలలవి. భర్త ఒక గదిలో, భార్య ఇంకో గదిలో, పిల్లలు మరో చోట. పనిని లాభసాటి చేయడానికి రెండు దారులున్నాయి: పనికి ఎక్కువ ఇవ్వడం, లేదా పని లేనివాడి బతుకు నరకం చేయడం. రెండోది చౌక. చాలా ఏళ్ల తర్వాత, 1963లో, మార్క్ బ్లాగ్ అనే ఆర్థికవేత్త ఆ కమిషన్ లెక్కల్ని మళ్లీ తవ్వి చూసి, కూలి తక్కువైన చోటే సాయం పెరిగింది తప్ప, సాయం వల్ల కూలి తగ్గిందనడానికి ఆధారం లేదని వాదించాడు. అప్పటికి నూట ముప్పై ఏళ్లు గడిచిపోయాయి. వర్క్‌హౌసులో పోయినవాళ్లకు ఆ వ్యాసం చదివే అవకాశం లేదు.

ఈ ముడిని నిజంగా విప్పినవాడు నాకు తెలిసి విలియం బెవరిడ్జి. పుట్టింది మన ఉపఖండంలోనే, 1879లో, బెంగాల్లోని రంగపూరులో. 1942 డిసెంబరులో వచ్చిన ఆయన నివేదికలో పిల్లల భత్యం గురించి ఒక వాదన ఉంది. జీతం పిల్లల సంఖ్యను బట్టి ఇవ్వరు. నిరుద్యోగ భృతి పిల్లల్ని లెక్కపెట్టి ఇవ్వాలి, లేకపోతే ఆకలి. కాబట్టి నలుగురు పిల్లలున్నవాడికి పని పోతేనే మేలనిపించే పరిస్థితి వస్తుంది. పరిష్కారం? పిల్లల భత్యాన్ని పనిలో ఉన్నా లేకపోయినా ఒకేలా ఇవ్వు. అప్పుడు ఉద్యోగంలో చేరితే అది పోదు, కాబట్టి చేరడానికి భయం లేదు. అంతకు చాలా ముందు నుంచే ఎలినార్ రాత్‌బోన్ అనే ఆవిడ ఇదే పోరుతోంది, డబ్బు తల్లి చేతికే ఇవ్వాలని కూడా. 1946 ఆగస్టులో తొలి భత్యం అందింది, రెండో బిడ్డ నుంచి వారానికి ఐదు షిల్లింగులు. రాత్‌బోన్ ఆ జనవరిలోనే పోయింది.

అందరికీ సమానంగా ఇచ్చేది వృథా అని మనకు అనిపిస్తుంది. ధనవంతుడికెందుకు? నాకూ అలాగే అనిపించేది. కానీ బల్ల దగ్గర కూర్చున్నాక ఒకటి గమనించాను. నా దగ్గరికి వచ్చే ఉత్తరాల్లో చైల్డ్ బెనిఫిట్ గొడవ చాలా అరుదు. అందులో మామూలు కుటుంబాలకు గట్టు లేదు, వాలు లేదు, గంటల లెక్క లేదు. 2013లో పెద్ద జీతగాళ్ల నుంచి దాన్ని పన్ను రూపంలో వెనక్కి లాగడం మొదలుపెట్టారు. అప్పటి నుంచి అందులోనూ ఉత్తరాలు మొదలయ్యాయి.

తర్వాతి కథ గబగబా చెప్పేస్తాను. 1971లో తక్కువ జీతాల కుటుంబాలకు ఫ్యామిలీ ఇన్‌కమ్ సప్లిమెంట్ పెట్టారు, పౌండు పెరిగితే యాభై పెన్సులు కోత. దాని మీద పన్ను, దాని మీద అద్దె రాయితీ కోత, బడి భోజనం పోవడం. అన్నీ కలిస్తే జీతం పెరిగిన కుటుంబం పేదదయ్యే సందర్భాలున్నాయని ఫ్రాంక్ ఫీల్డ్, డేవిడ్ పియాషో రాశారు. పేదరికపు ఉచ్చు అన్న మాటను వాడుకలోకి తెచ్చింది వాళ్లే. 2013లో అన్నింటినీ కలిపి ఒకే కోతగా చేస్తామని యూనివర్సల్ క్రెడిట్ తెచ్చారు. కోత మొదట 65, తర్వాత 63, 2021 చివర్లో 55. 55కి తగ్గించడానికి కొద్ది వారాల ముందే, కరోనా కాలంలో వారానికి ఇరవై పౌండ్లు కలిపినదాన్ని తీసేశారు. ఇటు పెట్టి అటు తీశారు. మూడో బిడ్డకు సాయం లేదన్న 2017 నిబంధనను 2026 ఏప్రిల్ నుంచి ఎత్తేస్తామని 2025 నవంబరు బడ్జెట్లో ప్రకటించారు.

ఇక మనవాళ్ల సంగతి. ఇది చెప్పకుండా వెళ్తే నాకు నిద్ర పట్టదు.

అక్కడ వీసా మీదున్న తెలుగు కుటుంబాలకు ఈ సాయాలేవీ రావు. ప్రభుత్వ నిధుల మీద హక్కు లేదని వాళ్ల అనుమతి పత్రంలోనే రాసి ఉంటుంది. పన్ను కడతారు, చాలామంది ఆసుపత్రి సర్‌ఛార్జీ పెద్దవాళ్లకు ఏడాదికి 1,035 పౌండ్లు విడిగా కడతారు. వృద్ధాశ్రమాల్లో రాత్రి డ్యూటీలు చేసే మన పిల్లలు ఉద్యోగం పోతే ఈ సాయాల కిటికీ దగ్గరికి వెళ్లలేరు. వాళ్లకు పని, సాయం అనే రెండు కుప్పలే లేవు. ఒకటే కుప్ప, లేదా సొంతూరి టికెట్టు. వాళ్లకు సాయం తీసుకునే పక్కింటివాణ్ణి చూస్తే కడుపు మండడం నాకు అర్థమవుతుంది.

నాకు అర్థంకానిది నా ఇంజనీరు మిత్రుడు. పౌరసత్వం వచ్చి పదేళ్లయింది. ఆదివారం భోజనాల దగ్గర, "బెనిఫిట్ల మీద బతికేవాళ్లతో దేశం మునిగిపోతోంది" అనేది ఆయనే. ఆయన జీతం లక్ష పౌండ్ల అంచున ఉంది. అక్కడ లక్ష దాటితే పిల్లలకు వారానికి 30 గంటల ఉచిత సంరక్షణ హక్కు పోతుంది. తొలి 12,570 పౌండ్ల మీద పన్ను లేని సౌకర్యమూ ఆపైన ప్రతి రెండు పౌండ్లకు ఒకటి చొప్పున కరిగిపోతుంది. అంటే ఆ మెట్టు మీద పౌండులో 62 పెన్సులు పోతాయి. మిత్రుడు ఏం చేస్తాడు? బోనస్ వస్తే దాన్ని పింఛను ఖాతాలో వేస్తాడు. లక్ష దాటనివ్వడు. ఒక ఏడాది వారానికి నాలుగు రోజులే పనికి వెళ్లాడు. దీనికి సలహా ఇవ్వడానికి ఒక అకౌంటెంటు ఉన్నాడు, ఆయనకు ఫీజు ఉంది. దీన్ని ప్లానింగ్ అంటారు. పద్నాలుగో గంట వద్దన్న ఆడమనిషి చేసేదీ అచ్చం ఇదే లెక్క. ఆవిడ చేస్తే సోమరితనం. ఒక ఆదివారం ఈ మాట పైకే అన్నాను. పులిహోర నా వైపు రావడం ఆగిపోయింది.

మన దగ్గర గట్లు లేవా? మీకు నేను చెప్పేదేముంది. ఆంధ్రప్రదేశ్‌లో పథకాలకు పెట్టిన ఆరంచెల పరిశీలన మీ అందరికీ కంఠతా వచ్చు: పల్లెలో కుటుంబ ఆదాయం నెలకు పది వేలు, పట్నంలో పన్నెండు వేలు, కరెంటు 300 యూనిట్లు, నాలుగు చక్రాల బండి, భూమి, ప్రభుత్వోద్యోగం, ఆదాయపు పన్ను. వీటిలో ఒక్కటి దాటితే తగ్గదు, పోతుంది. అప్పు మీద పాత కారు కొన్న కొడుకు, అమ్మ పింఛను పోతుందని ఆర్‌సీ తన బావమరిది పేర పెట్టిస్తాడు. ఒకే పొయ్యి మీద వండుకునేవాళ్లు కార్డులో వేరు కాపురాలవుతారు. సచివాలయంలో కూర్చున్న పిల్లవాడికీ ఇది తెలుసు, ఊరికీ తెలుసు. పేదవాడు అబద్ధాలాడుతున్నాడంటాం. గట్టు కట్టినవాణ్ణి మాత్రం ఏమీ అనం.

ఉపాధి హామీ మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలో 2006 ఫిబ్రవరి 2న మొదలైంది. అప్పటి నుంచీ మాస్టారి అన్నగారి మాటే వినపడుతోంది, నాట్లకెవడొస్తాడని. కౌలు రైతు ఆ మాటంటే నేను కొట్టిపారెయ్యను. కూలి వంద పెరిగితే అతని మిగులు పోతుంది, ధాన్యం ధర అతని చేతిలో లేదు. కానీ కూలి పెరగడం అంటే అవతల ఒక ఇంట్లో చారుకు తోడు పప్పు దిగడం కూడా. 2025 డిసెంబరులో పాత చట్టం స్థానంలో కొత్తది వచ్చింది. రోజులు వందకు బదులు 125 అన్నారు. వ్యవసాయ పనులు ముమ్మరంగా ఉండే కాలంలో ఏడాదికి అరవై రోజులు ఉపాధి పనులు ఆపేలా రాష్ట్రాలు ముందే ప్రకటించాలన్న నియమమూ పెట్టారు. వరండాలో కూర్చుని అడిగిన ప్రశ్న నలభై రెండేళ్లకు పార్లమెంటుకెక్కి చట్టమైంది. మాస్టారుంటే అన్నగారికి మిఠాయి పంపేవారేమో.

నన్నేం చెయ్యమంటావని అడుగుతారు. అకౌంటెంటుగా ఒక నిజం ఒప్పుకోవాలి. అడుగున ఉన్నవాడికి కడుపు నిండా ఇవ్వాలి, వాలు మెల్లగా ఉండాలి, ఖర్చు తక్కువ కావాలి. ఈ మూడూ ఒకేసారి కుదరవు. కోత 55 నుంచి 40కి దించితే సాయం ఇంకా పై జీతాల దాకా పాకుతుంది, ఖజానా బరువెక్కుతుంది. ఏ ప్రభుత్వం వచ్చినా మూడింట్లో ఒకదాన్ని వదులుకోవాలి, సాధారణంగా మొదటిదాన్నే వదులుతుంది. నన్నడిగితే మూడోదాన్ని వదులుకోమంటాను. అది కుదరదంటే కనీసం గట్లన్నా చెక్కి వాలు చెయ్యండి. దానికి పెద్ద ఖర్చు కాదు. 151 దాటితే పౌండుకు అర్ధ పౌండు తగ్గించి ఉంటే, ఆ కాకినాడ ఆవిడ పద్నాలుగో గంటకు నాలుగు పౌండ్ల 58 పెన్సులు పోగొట్టుకునేది. పోతే పోయిందిలే అనుకునేది. దుకాణానికి పావుగంట ముందే వెళ్తూ ఉండేది.

ఆవిడ బాకీ ఇంకా తీరుతోంది, నెలకు ఇంతని. 2025 ఏప్రిల్లో హద్దును 196 పౌండ్లకు పెంచారు. ఆ ఏటి కొత్త కనీస వేతనంతో పదహారు గంటలు సరిగ్గా అందులో ఇమిడాయి, 64 పెన్సులు మిగిలాయి. ఆ సంగతి చెబుదామని వాళ్లింటికి వెళ్లాను. పిల్లవాడు సోఫా వెనక కూర్చుని ఒక స్టీలు గ్లాసును గుండ్రంగా తిప్పుతున్నాడు. ఫ్రిజ్ తలుపు మీద వాడి స్పీచ్ థెరపీ టైములు, వాటి కింద ఒక తెల్ల కాగితం. ఆవిడ నా చేతికి స్కెచ్ పెన్ను ఇచ్చి, "మీ చేత్తో రాయండి బాబాయిగారండీ, మా మేనేజరికి చూపించుకుంటాను" అంది. పదహారు అని అంకె వేశాను. "పదిహేడు వద్దని కూడా రాయండి." రాశాను. "ఏటేటా మారుస్తారేంటండీ ఇది?" అంది. ఏప్రిల్లో మారుతుందమ్మా, కూలీ మారుతుంది, హద్దూ మారుతుంది అన్నాను.

"అయితే ఏప్రిల్ రాగానే ఓ ఫోన్ చెయ్యండి" అంది. వచ్చే వారం వెళ్తున్నాను. చెయ్యాలి.